అక్క చేతికని ఇచ్చినవి

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆటలకు ఇంకా నాలుగైదు నెలలున్నాయనగా, జూన్ ఎండల్లో ఒక శుక్రవారం మా ఇంటి ఓనరు మనిషి వచ్చాడు. సూడాన్ ఆయన, మెత్తటివాడు. కిరాయికి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరే నిలబడి తీసుకుపోయేవాడు. ఆ రోజు లోపలికి వచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ ఖమర్ సుల్తానా ఇచ్చిన చాయ్ అడుగుదాకా తాగి, గ్లాసు పక్కన పెట్టి, అప్పుడు చెప్పాడు. అల్ ఘర్రాఫాలో మేముంటున్న ఆ విల్లాను ఓనరు బాగు చేయించి, ఆటలు చూడడానికి వచ్చేవాళ్ళకు ఇవ్వదలుచుకున్నాడట. ఆగస్టు నెలాఖరుకల్లా మేం ఖాళీ చేయాలి.

"మాలేష్, జహాంగీర్," అన్నాడు, ఏమీ అనుకోవద్దన్నట్టు నా భుజం తట్టి.

అనుకోవడానికేముంది? ఆ ఏడాది దోహాలో ఎవరింటికి పోయినా ఇదే మాట. రోడ్లు కొత్తవి, రైళ్ళు కొత్తవి, దీపాలు కొత్తవి. పెళ్ళివారు వస్తున్నారంటే ఇంట్లో మంచాలు అటూ ఇటూ జరుపుతారు కదా, మేమూ ఆ మంచాల్లాంటివాళ్ళమే.

నాకు ఇల్లు పోతుందన్న దిగులు కన్నా వెనక గది దిగులు ఎక్కువైంది.

ఆ గది సంగతి చెప్పాలి. మాది కోరుట్ల. నేను ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో బస్సు డ్రైవర్ని. తెల్లవారక ముందే ఇండస్ట్రియల్ ఏరియాలోని క్యాంపు నుంచి పనివాళ్ళను సైటుకు చేర్చడం, సాయంత్రం మళ్ళీ క్యాంపులో దింపడం నా డ్యూటీ. మెట్రో అయినా, స్టేడియం అయినా, వంతెన అయినా, ఆర్మూరు, మెట్‌పల్లి, జగిత్యాల దిక్కువాళ్ళు నా బస్సులో కునికిపాట్లు పడుతూ పోయి కట్టినవే. వాళ్ళలో ఎవరైనా ఇక చాలనుకొని ఇంటికి పోయేటప్పుడు విమానంలో బరువు దగ్గర చిక్కు వచ్చేది. పిల్లల బట్టలు, సబ్బులు, అత్తరు సీసాలు, పాలపొడి డబ్బాలు సర్దేసరికే తూకం నిండేది. మిగిలింది చంకన పెట్టుకుని నా బస్సు దగ్గరికి వచ్చేవాళ్ళు.

"అన్నా, ఇది నీ దగ్గరుండనియ్యి. మల్లొస్త."

కొందరు మళ్ళీ వచ్చారు. చాలామంది రాలేదు. అలా మా విల్లా వెనక రేకుల గదిలో ప్రెషర్ కుక్కర్లు, కంబళ్ళు, ఇస్త్రీ పెట్టెలు, ఒక టీవీ, ఒక సైకిలు, ఒక డోలక్ పేరుకుపోయాయి. గుడ్డలో చుట్టిన వేములవాడ రాజన్న పటం కూడా ఒకటి ఉండేది. ఖమర్ దాన్ని విప్పి, తుడిచి, గోడకు మేకు కొట్టి తగిలించింది. "దేవుడు ఎవరి దేవుడైతె ఏంది? కింద పెడ్తరా?" అంది.

అవన్నీ అమానత్. అంటే ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొత్తు. అమ్మరాదు, వాడరాదు, పారేయరాదు. ఇంటికి ఎవరైనా వస్తే చాయ్ కన్నా ముందు వాళ్ళను ఆ గదిలోకి తీసుకుపోయేవాణ్ణి. "ఇది ఆర్మూరాయనది, ఇది ధర్మపురాయనది" అని చూపించేవాణ్ణి. క్యాంపులో అంత జనం ఉండగా నన్నే ఏరి కోరి నమ్మారంటే ఊరికే నమ్ముతారా అని లోలోపల మీసం మెలేసుకునేవాణ్ణి.

కొత్త ఇల్లు పాత ఎయిర్‌పోర్టు వైపు దొరికింది. మూడో అంతస్తు, ఒక గది, ఒక చిన్న హాలు, వంటిల్లు. చూసి వచ్చాక ఖమర్ చాపమీద కూర్చుని వెనక గది తలుపు వైపు చూసింది.

"తెలిసినవాళ్ళకు గోదాము ఉంది," అన్నాను నేను. "సామాను అక్కడ పెడదాం."

"ఎన్నాళ్ళు?"

"వాళ్ళొచ్చేదాకా."

"రారు జీ." కోపంగా అనలేదు, ఉన్న మాట చెప్పినట్టు అంది. "వాళ్ళ పిల్లలు పెద్దగయ్యిండ్రు. ఇండ్లు కట్టుకున్నరు. దాచుడు మన పని. దాచినం. ఇగ అప్పజెప్పుడు మిగిలింది."

"ఊళ్ళల్ల ఉన్నోళ్ళకు ఇక్కడ్నించి ఎట్ల అప్పజెప్తవ్?"

"ఒక్కొక్కరికి ఫోన్ చేద్దాం. ఏం చెయ్యిమంటె అది చేద్దాం. అడగకుంట అగ్గిపుల్ల సుత బయటికి పోవద్దు." అని, వరండా వైపు చూసింది. "మీ సీటుకైతె ఎవర్నీ అడిగే పని లేదు."

సీటు మాట రాగానే నేను లేచి వరండాలోకి పోయాను. నా మొదటి బస్సును తుక్కుకు వేసినప్పుడు మెకానిక్‌ను బతిమాలి, అందులోంచి ఇద్దరు కూర్చునే సీటు ఒకటి విప్పించి తెచ్చుకున్నాను. డ్యూటీ దిగి వచ్చాక వరండాలో ఆ సీటు మీద కూర్చుంటే తప్ప నాకు చాయ్ రుచించేది కాదు.

మరుసటి శుక్రవారం నమాజు చేసి వచ్చి, భోజనం చేసి, మొదటి ఫోను లింబాద్రికి చేశాను. ఆర్మూరు అవతల అతని ఊరు. ఇక్కడ ఇనుప కడ్డీలు కట్టే పని చేసేవాడు. ఇప్పుడు అక్కడ ట్రాలీ ఆటో నడుపుతూ పసుపు, సోయా మార్కెట్‌కు తోలుతున్నాడు. ఇమోలో వీడియో కలవగానే ముఖమంతా నవ్వైపోయాడు.

"జహాంగీరన్నా! మంచిగున్నవా? దుబాయ్‌లనే ఉన్నవా ఇంక?"

ఖతర్‌లో ఆరేళ్ళు పనిచేసినవాడు. ఊరికి పోగానే, గల్ఫ్ అంతా దుబాయే అనే ఊరి మాటే వచ్చేసింది.

"నేనున్న. నీ కుక్కర్ కూడ ఉంది," అన్నాను, ఏదో ఘనకార్యం చెబుతున్నట్టు.

"ఏ కుక్కర్?"

నా మొహం ఎలా అయ్యిందో ఏమో, పక్కన ఖమర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓ, గదా! అన్నా, నేను మర్సేపోయిన. ఇన్నేండ్లు పెట్టినవా దాన్ని?" అని పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అక్క ఉన్నదా? అక్కకియ్యి ఫోను," అన్నాడు.

ఖమర్ తీసుకుంది.

"అక్కా, శనార్తి. అది నేను నీ చేతికనే ఇచ్చిన. కామెర్లయ్యి పండుకున్నప్పుడు రోజు మెత్తటి అన్నం, పెసరుకట్టు పంపిస్తివి గద. ఆ కుక్కర్ నీకు పనికొస్తదనే ఇచ్చిన. నువ్వు వాడుకోలేదా?"

"అమానత్ అనుకున్న తమ్మీ. ఎట్ల వాడుకుంట?"

"అయ్యో అక్కా!"

ఆ మెత్తటి అన్నం డబ్బా నాకు గుర్తుంది. పొద్దున్నే ఆమె చేతికిస్తే బస్సులో నా సీటు పక్కన పెట్టుకుని పోయి, క్యాంపు వాచ్‌మన్‌కు ఇచ్చేవాణ్ణి. ఎవరికి, ఎందుకు అని అడిగినట్టు గుర్తులేదు. ఆ డబ్బాలు చాలానే మోశాను.

తర్వాతి ఫోను సైకిలు మనిషికి. "అన్నా, అక్క ఎట్లున్నది?" అన్నాడు. రంజాన్ నెలలో ఖమర్ క్యాంపులో అతని లైను గదులన్నిటికీ హలీమ్ పంపేదట. డోలక్ మనిషి పేరు కూడా నేను మరిచిపోయాను, ఖమర్ మరవలేదు. తల్లి చనిపోయిన కబురు వచ్చి, సెలవు దొరక్క ఏడుస్తూ ఉంటే ఖమర్ ఫోనులో గంటసేపు మాట్లాడిందట. "నీ బస్సుల పెట్టిన గని, అక్క ఇంటికి పోతదని పెట్టిన అన్నా," అన్నాడు అతను కూడా.

నాలుగో ఫోనుకల్లా, అవతలివాళ్ళు అడగకముందే నేను ఫోను ఆమె చేతిలో పెట్టడం మొదలుపెట్టాను.

నేను వెళ్ళి వెనక గది గుమ్మంలో నిలబడ్డాను. ఇన్నేళ్ళు చుట్టాలందరికీ చూపిస్తూ మీసం మెలేసిన గది. కొంచెం సిగ్గేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ సిగ్గు వెనకే ఇంకోటి వచ్చింది. లోపల ఆమె గొంతు వినిపిస్తోంది, ఎవర్నో పిల్లల చదువు అడుగుతోంది. ఈ మనిషి నా భార్య అని గట్టిగా ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి అక్కడ రాజన్న పటం తప్ప ఎవరూ లేరు.

దాదాపు అందరూ ఒకటే అన్నారు, కొత్తగా వచ్చినవాళ్ళకు ఇచ్చేయమని. ఖమర్ సరేనంది, కానీ ఒక షరతు పెట్టింది. తీసుకునేవాడు ఇచ్చినవాడితో ఒకసారి మాట్లాడాలి.

"దానివల్ల లాభమేంది?" అన్నాను.

"ఎవరిదో తెల్వకుంట తీసుకపోతె అది పాత సామాను జీ. తెలిసి తీసుకపోతె ఇంకోటి."

జులై శుక్రవారాలన్నీ అలాగే గడిచాయి. సాయంత్రం కాస్త ఎండ తగ్గాక క్యాంపుల నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. నేపాలీలు, బీహారీలు, బంగ్లావాళ్ళు, మన జగిత్యాలవాళ్ళు. లింబాద్రి కుక్కర్‌ను ఒక నేపాలీ తీసుకున్నాడు. ఖమర్ ఫోను గోడకు ఆనించి పెట్టి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. విజిల్ కాస్త వదులని, పైన గుడ్డ పెట్టి నొక్కాలని లింబాద్రి అటు ఆటోలో కూర్చునే తన హిందీలో చెప్పాడు. "భాయ్, ఉస్కా సీటీ జరా ఢీలా హై. ఊపర్ కపడా రఖ్‌కే దబానా." నేపాలీ ఫోనుకు రెండు చేతులూ జోడించాడు. "ఖిచిడీ అచ్ఛా హోతా ఉస్మె," అన్నాడు లింబాద్రి, ఇక ఏం చెప్పాలో తెలియక. ఇద్దరూ నవ్వుకున్నారు.

డోలక్ తీసుకున్న బీహారీ దాన్ని అక్కడే ఒళ్ళో పెట్టుకుని వాయించి వినిపిస్తే, అటు ధర్మపురిలో దాని మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. పక్క వాటాలోని కేరళవాళ్ళు తలుపు తీసి చూశారు. రాజన్న పటాన్ని ఒక సిరిసిల్లాయన నెత్తిమీద పెట్టుకుని మెట్లు దిగి పోయాడు.

గది ఖాళీ అవుతుంటే నాకు బెంగగా ఉండాల్సింది. అలా ఏం లేదు. ఇంట్లో పెళ్ళి జరుగుతున్నట్టుగా ఉంది.

చివరికి అడుగున ఒక చెక్కపెట్టె మిగిలింది. సాయిబాబుది. మెట్‌పల్లి దగ్గరి పల్లె, వడ్రంగి. సైట్లలో సెంట్రింగ్ పని చేస్తూ, సొంత పనిముట్లు కూడా పెట్టుకున్న మనిషి. సెలవు మీద ఊరికి పోతూ, "మూడు నెలల్ల వస్త అక్కా," అని తనే మోసుకొచ్చి పెట్టిపోయాడు. కరోనా రెండో ఏడు అది. ఊళ్ళోనే జ్వరం వచ్చి పోయాడని తర్వాత క్యాంపులో తెలిసింది.

"అతనే లేడు. ఇక ఎవర్ని అడుగుతం?" అన్నాను.

"మనిషి పోయిండు. ఇల్లు పోలె గద," అంది ఖమర్.

వాళ్ళ నంబరు మా దగ్గర లేదు. లింబాద్రికి చెబితే, ఆదివారం ఆటో వేసుకుని నేరుగా ఆ పల్లెకే పోయాడు. వాకిట్లో నిలబడి ఫోను చేశాడు. అరుగు మీద ఒకామె చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సాయిబాబు భార్య వేదవతి. పక్కనే గోడకానుకుని అతని తల్లి గౌరవ్వ.

"ఏం పెట్టె అక్కా? మాకు చెప్పలేదు," అంది వేదవతి.

"నేను తెరువలేదు చెల్లె. నీ ముంగటనే తెరుస్త."

ఖమర్ మూత తీసింది. నూనె గుడ్డలో చుట్టిన ఉలులు, రంపం, చిత్రిక, మూలమట్టం, ఒక సుత్తె. అన్నీ నిన్ననే తుడిచి పెట్టినట్టున్నాయి. ఒక్కొక్కటే తీసి ఫోనుకు చూపించింది. వేదవతి చేతులు ఆగిపోయాయి.

"ఆ సుత్తె ఇటు తిప్పు అక్కా. పిడి మా చింతకట్టెది. మా మామ చెక్కిండు."

"కార్గోల పంపిస్త చెల్లె. మొత్తం పెట్టె నీ ఇంటికి చేరుస్త. నువ్వు సరే అను."

వేదవతి కాసేపు చేటలోకి చూసింది. "ఇంటికొస్తె ఏం జేస్త అక్కా? అటుక మీద పెడ్త. తుప్పువడ్తయి. ఆయన ఒక్క దినం తుప్పు వట్టనియ్యలే. ఎవలన్న పనోనికియ్యి. పని జెయ్యనియ్యి వాటిని."

"ఎవనికిచ్చేది?" గౌరవ్వ ఒక్కసారిగా లేచి కూర్చుంది. "నా కొడుకు సామాను. నా కొడుకు చేతులు తాకినయి. నా ఇంటికి రావాలె."

"అత్తా..."

"నువ్వు ఊకో. కొడుకెట్లా రాలే. వాని సామానన్న రానియ్యవా?"

లింబాద్రి ఫోను పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు. ఇద్దరి మాటా న్యాయమే. ఇద్దరిలో ఎవరి మాట వింటే రెండోవాళ్ళ కడుపు కోసినట్టే.

ఖమర్ మెల్లగా మూత వేసింది. "అమ్మా, చెల్లె, మీరు ఎప్పుడు ఒక్క మాట మీదికొస్తె అప్పుడు చెప్పుర్రి. నెల కానీ, ఏడాది కానీ. అందాక నా దగ్గరుంటది. పైలంగ ఉంటది."

ఫోను పెట్టేశాక నేను నెత్తి పట్టుకున్నాను. "కొత్తింట్ల ఎక్కడ పెడ్తవ్? చెంచా పెట్టడానికి చోటు లేదు."

"వంటింట్ల బండ కింద పడ్తది."

"అక్కడ నీ దేగ్ పెడ్తనంటివి గద."

ఆ దేగ్ మేం ఇక్కడ సంసారం పెట్టిన మొదటి రంజాన్‌కు సూఖ్ వాఖిఫ్ బజారులో కొన్న పెద్ద రాగి గిన్నె. ఈద్ రోజు అందులో బిర్యానీ వండితే క్యాంపులో ఒక లైనంతా తినేది. ఏటా దానికి కళాయి వేయించేది. బంగారం గురించి నన్ను ఎప్పుడూ అడగలేదు గానీ ఆ దేగ్ మీద ఎవరైనా గరిటెతో కొడితే ఊరుకునేది కాదు.

ఆగస్టు రెండో శుక్రవారం ఆమే అంది, "హమీదుద్దీన్ భాయికి ఫోన్ చెయ్యుర్రి."

హమీదుద్దీన్ నా చిన్ననాటి దోస్తు. ఉత్తరాన అల్ రువైస్ రేవులో పడవల మీద పనిచేసేవాళ్ళకు వంట చేస్తాడు. పెద్ద గిన్నె లేక విడతలు విడతలుగా వండుతున్నానని ఎన్నోసార్లు అన్నాడు. పికప్ ఒకటి అడిగి తెచ్చాను. దేగ్ ఎక్కించాక బండిలో ఇంకా సగం చోటు ఖాళీగా ఉంది. ఖమర్ ఆ ఖాళీ వైపు చూసింది, నా వైపు చూడలేదు. నేను పోయి వరండాలోని సీటు ఎత్తుకొచ్చి అందులో పెట్టాను.

దారంతా ఎడారి. అల్ రువైస్ చేరేసరికి సముద్రం తెల్లగా మెరుస్తోంది. పడవలు ఒడ్డుకు ఒరిగి ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి. వంటశాల ముందు నీడలో సీటు దింపించాడు హమీదుద్దీన్. వెంటనే ఇద్దరు తమిళ పడవవాళ్ళు వచ్చి దానిమీద కూర్చున్నారు. కూర్చోగానే ఒకడు కాళ్ళు చాపి కళ్ళు మూసుకున్నాడు. నా బస్సులో అందరూ చేసిన పనే. నేను పడవలు చూసే వంకతో అటు నడిచాను.

తిరిగి వచ్చేసరికి ఖమర్ లోపల దేగ్‌ను పొయ్యి మీద సరిగ్గా కుదురుస్తోంది. "మంట నడుమ వద్దు భాయ్, చుట్టూత పెట్టాలె. దమ్ముకు గుడ్డ తడిపి చుట్టు," అని హమీదుద్దీన్‌కు చెబుతోంది. చెప్పడం అయ్యాక దాని అంచు మీద అరచేతితో ఒకసారి చుట్టూ నిమిరి, చెయ్యి కొంగుకు తుడుచుకుని బయటికి వచ్చింది.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాం.

"బాధయ్యిందా?" అంది ఖమర్.

"కొంచెం. నీకు?"

"నాకు ఆకలైతుంది," అంది. నేను బండి పక్కకు ఆపి పరోటాలు కొన్నాను. తింటూ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

నెలాఖరుకు ఇల్లు మారాం. ఒక్క చిన్న బండిలో మా సంసారం మొత్తం పట్టింది. సాయిబాబు పెట్టెను మాత్రం ఖమర్ బండిలో వేయనివ్వలేదు. మేమెక్కిన టాక్సీలో తన కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. వేదవతి ఫోనే గానీ మాట్లాడింది గౌరవ్వ.

"బిడ్డా, నువ్వు తురకామెవట గద. లింబాద్రి చెప్పిండు."

"అవునమ్మా."

"మావోని సామాను ఏడాదిన్నర దాచినవట. మూత సుత తియ్యలేవట." ముసలామె కాసేపు ఊపిరి పీల్చుకుంది. "ఆ సుత్తె ఒక్కటి నాకు పంపియ్యి. మా ఆయన చెక్కిన పిడి, నా కొడుకు పట్టిన పిడి. అది నాకు చాలు. తక్కినయి కోడలు చెప్పినట్టు చెయ్యి. గని పని తెలిసినోనికియ్యి. దసరకు పూజ జేసుకునేటోనికియ్యి."

"అట్లనే అమ్మా."

ఆ నెలలోనే సెలవు మీద కోరుట్ల పోతున్న మా బంధువు సంచిలో సుత్తె ఊరికి చేరింది. గౌరవ్వ దాన్ని తలాపున పెట్టుకుని పడుకుంటోందని లింబాద్రి చెప్పాడు.

మిగిలిన వాటి కోసం నలుగురైదుగురు వచ్చారు. ఖమర్ ఎవరికీ ఇవ్వలేదు. ఒకడు ఉలి అంచు చూడకుండా దాని ధర ఎంతుంటుందని అడిగాడు. ఇంకొకడు అన్నీ కాదు, రంపం ఒక్కటే కావాలన్నాడు. "విడదీసి ఇయ్య," అంది. ఆమె ఇంత గట్టిగా ఉండడం నాకు నచ్చింది. పెళ్ళి సంబంధానికి కూడా మేం ఇంత చూడలేదు.

తర్వాత తిరుమల్ వచ్చాడు. నిర్మల్ దిక్కు మనిషి, ముప్పై దాటినవాడు, ముషైరిబ్‌లో కొత్త దుకాణాలకు తలుపులు, అలమరలు బిగించే పని. పెట్టె ముందు పెడితే అతను తాకలేదు. లేచి పోయి చేతులు కడుక్కుని వచ్చాడు. ఒక్కొక్క పనిముట్టూ తీసి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ అదే గుడ్డలో అదే మడతలో పెట్టాడు. ఖమర్ నాకు కనుసైగ చేసి వేదవతికి ఫోను కలిపింది.

"నీ పేరేంది తమ్మీ?"

"తిరుమల్ అక్కా."

"పెండ్లయ్యిందా?"

"ఇద్దరు బిడ్డలు అక్కా."

"ఆ చిత్రిక జర కుడిదిక్కు గుంజుతదట. మా ఆయన అంటుండె. చూసుకో."

"చూసుకుంట అక్కా."

వేదవతి సరేనన్నట్టు తలూపింది. తిరుమల్ పెట్టెను భుజాన ఎత్తుకుని మూడంతస్తులూ దిగి పోయాడు. దసరా నాడు క్యాంపు గదిలో ఆ పనిముట్లను వరసగా పెట్టి, బొట్లు పెట్టి, ఫొటో తీసి పంపాడు. ఫొటో నా ఫోనుకు కాదు, ఖమర్ ఫోనుకు వచ్చింది. ఆమె దాన్ని వేదవతికి పంపింది.

ఆటలు ఇంకా రెండు మూడు వారాలున్నాయనగా తిరుమల్ మళ్ళీ ఫోను చేశాడు. "అక్కా, ఒక్కసారి ముషైరిబ్ రావాలె. అన్నను సుత తోల్కరా."

మెట్రోలో పోయాం. దారి పొడుగునా జెండాలు, రంగు దీపాలు. తిరుమల్ మమ్మల్ని ఒక వీధిలోకి తీసుకుపోయాడు. కొత్తగా తెరవబోతున్న ఒక హోటలు. దాని ముందు రెండు నిలువుల ఎత్తున టేకు దర్వాజా. రెండు రెక్కలు, రెక్క రెక్కకూ చెక్కిన అంచులు. వాసన ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇది నేను బిగించిన అక్కా. అంచులు ఆ చిత్రికతోనే తీసిన. మిషిన్ ఇచ్చిండ్రు గని, మూలలకు చెయ్యే కావాలె." అతని ఫిలిప్పీన్ సూపర్‌వైజరు పక్కనే ఉన్నాడు, చూసుకోమన్నట్టు చేయి ఊపాడు.

ఖమర్ ఆ తలుపు అంచు మీద వేలితో పై నుంచి కిందికి రాసింది. తర్వాత నా చేతిలోని ఫోను అడగలేదు, తన ఫోనే తీసింది. వేదవతి కలిసింది. అదే అరుగు, అదే చేట.

"చూడు చెల్లె."

వేదవతి చాలాసేపు చూసింది. "ఒక్కసారి తెరువుమను అక్కా."

తిరుమల్ తెరిచాడు.

"మల్ల ముయ్యిమను."

మూశాడు. ఖమర్ ఫోనును తలుపు దగ్గరగా పెట్టింది. అంత బరువైన రెక్క, గాలి సోకినంత చప్పుడు కూడా చేయలేదు.

"కిర్రుమంటలేదు," అంది వేదవతి.

"లేదు చెల్లె."

"మా ఆయన పెట్టినయి సుత కిర్రుమనకపోతుండె." చేట పక్కన పెట్టి, లోపలికి తిరిగి పిలిచింది. "అత్తా, ఓ అత్తా! ఇటు రా. దుబాయ్‌ల మనోని సామానుతోని పెట్టిన దర్వాజ చూద్దువు గని."

గౌరవ్వ వచ్చింది. కళ్ళు చికిలించి, ఫోను ముఖానికి ఆనించుకుంది. తెర నిండా ఆమె ఒక్క కన్నే కనిపించింది.

"అమ్మో, ఎంత పెద్దగున్నది! ఎవలొస్తరు బిడ్డా ఆ దర్వాజలకెల్లి?"

ఖమర్ వీధి వైపు ఒకసారి చూసింది. ఎక్కడెక్కడివాళ్ళో అప్పటికే తిరుగుతున్నారు. ఆమె నడుము నిటారుగా చేసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అంత పొడుగున్నట్టు నాకు ఎప్పుడూ కనిపించలేదు.

"లోకం మొత్తం వస్తది అమ్మా," అంది.

"అయితె రానియ్యి," అన్నది గౌరవ్వ. "నా కొడుకు దర్వాజ. గట్టిగుంటది."

తిరుమల్ తలుపు రెక్క పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఫోను వైపు కొంచెం వంగి, "అవునమ్మా," అన్నాడు.